గురజాల కారుకి స్టీరింగ్ కుడివైపుకి ఎందుకు మారింది

హైదరాబాదులో పాతకార్లు సేకరించే ఒకాయన నాకు వాట్సాప్‌లో ఒక ఫోటో పంపించాడు. గురజాలలో ఒక ఇంటి రేకుల షెడ్డులో నిలబెట్టిన పెద్ద అమెరికా కారు, స్టీరింగ్ కుడివైపున ఉంది. ఆ కాలపు అమెరికా కార్లకి స్టీరింగ్ ఎడమవైపే ఉండేది. ఏ కొన్నిటినో ఫ్యాక్టరీలోనే మన రోడ్లకు తగ్గట్టు కుడివైపు అమర్చి పంపేవారు. మిగతావాటిని ఇక్కడి షెడ్లలో మార్చుకున్నారు. ఆయన నన్ను అడిగిందల్లా అది ఫ్యాక్టరీదా, ఇక్కడ మార్చిందా అని. ఇక్కడ మార్చిందైతే కొన్నాక మళ్ళీ ఎడమవైపుకి తిప్పించేస్తానన్నాడు. బీమా కంపెనీలకి వాహనాల సర్వేయరుగా పనిచేసి మానేశాక నేను ఇలా మార్చిన కార్ల చరిత్ర రాసుకుంటున్నాను. మన మెకానిక్కులు చేసిన ఆ పని ఒక్కొక్కటిగా చెరిగిపోతోంది. ఇది కూడా పోకముందే చూడాలనిపించి బయల్దేరాను.

పొద్దున ఆరు దాటాక విజయవాడలో నరసరావుపేట బస్సెక్కాను. గుంటూరు మీదుగా రెండున్నర గంటలు పట్టింది, టికెట్టు రెండొందల లోపే. కారు యజమాని నర్సయ్యగారి కొడుకు రామకృష్ణ ఫోన్లో నాకు ఒక పేరు చెప్పాడు: లేతు బ్రహ్మం. నరసరావుపేటలో ఒకప్పుడు ఆ కారుని ఆయన షెడ్డులోనే బాగుచేయించేవారట. బస్టాండు పక్క హోటల్లో అట్లు పోస్తున్న ఆవిడని అడిగితే, పెనం మీంచి చూపు తిప్పకుండానే, "బ్రహ్మం బాబాయా? షెడ్డు తీసేసి చానా రోజులైందిగా. ఇంటికాడే ఉంటాడు, రైలుగేటు దాటి ఎవర్ని అడిగినా చెప్తారు. కారం దోసె ఎయ్యనా?" అంది. వేయించుకున్నాను. రోజంతా తిరగడానికి అక్కడే శీను అనే డ్రైవరు కారు మాట్లాడుకున్నాను. గురజాల వెళ్ళి రావడానికి మూడు వేలకి ఒప్పుకున్నాడు.

బ్రహ్మంగారికి ఎనభై దగ్గర పడ్డాయి. గొంతు మాత్రం ఇంకా లేతు మిషను పక్కన నిలబడి మాట్లాడుతున్నట్టే ఉంది. ఫోటో చూడగానే, "ఇది నాదే! జిల్లా మొత్తంలో ఇట్టాంటి పని నేనొక్కణ్ణే చేశా" అన్నాడు. లోపల్నించి ఆయన భార్య, "మామగారు చేశారు. నువ్వు స్పానర్లు అందించావు" అంది. ఆయన ఆ మాట వినిపించుకోలేదు.

మొదటిసారి వాళ్ళు ఎడమపక్కనున్న స్టీరింగ్ బాక్సునే ఊడదీసి తిరగేసి కుడిపక్క బిగించారట. "అంతా బిగించి బయటికి తీస్తే, కుడికి తిప్పితే బండి ఎడంపక్కకి పోతంది! పోయి ప్రహరీకి గుద్దుకుంది. మా నాయన మూడ్రోజులు ఎవరితోనూ మాట్లాడలా." తర్వాత ఒక పాత లారీ స్టీరింగ్ బాక్సు తెచ్చి, దాన్ని చక్రాలకి కలిపే కొత్త ఆర్మ్ చేసి, డాష్‌బోర్డు కోసి అతికించారు. వైపర్లు మాత్రం మార్చలేకపోయారు. నేను అడిగినవన్నీ దొరికాయి. ఇక లేవబోతూ, ఎడమవైపుతో అన్నేళ్ళు తోలిన మనిషి అంత ఖర్చు పెట్టి ఎందుకు మార్పించుకున్నాడని మాటవరసకి అడిగాను.

బ్రహ్మంగారి గొంతు మొదటిసారి తగ్గింది.

"ముందు లారీ ఉంటే ఎడంపక్కన కూర్చుని తోలేవాడికి ఎదురొచ్చేది కనపడదమ్మా. నర్సయ్యగారి పక్కన వాళ్ళావిడ కోటేశ్వరమ్మగారు కూర్చునేది. ఆవిడ తల బయటికి పెట్టి చూసి పోనియ్యండి అంటే పోనిచ్చేవాడు, ఆగండి అంటే ఆగేవాడు. ఒకసారి పిడుగురాళ్ళ దాటాక సున్నపురాయి దుమ్ములో ఆవిడ పోనియ్యండి అన్నది. ఎదురుగా బస్సు. ఈయన మిరప చేలోకి తిప్పేశాడు. చెయ్యి ఇరిగింది, అంతే, ప్రాణాలు దక్కినయ్యి."

"అందుకని మార్పించారా?"

"ఇరిగిన చెయ్యికి కాదమ్మా. కట్టుతోనే వచ్చి మా నాయనతో అన్నాడు: మా ఇంటిది నిద్రపోవట్లా మేస్త్రీ, కళ్ళు మూస్తే బస్సే కనపడతందంట, ఆ బరువు ఇంక ఆమె మీద ఉండకూడదు, ఎంతైనా కానీ స్టీరింగ్ ఇటు మార్చెయ్ అని. ఈ మాట ఆమెతో అనబాకండి, ఇంకా దిగులు పడిద్దన్నాడు. మేం అనలా."

"ఇప్పుడు నేను చెప్పొచ్చా?"

"చెప్పమ్మా. ఆయన పోయి చానా ఏళ్ళైంది. ఇంక దాచి ఏం లాభం?"

పిడుగురాళ్ళ వైపు రోడ్డు బాగానే ఉంది కానీ సున్నపురాయి లారీలు ఎక్కువ. శీను ఒక లారీ వెనక చాలాసేపు ఓపిగ్గా వచ్చాడు. మామూలుగా అయితే విసుక్కునేదాన్ని. ఆ రోజు కిటికీలోంచి తెల్లగా దుమ్ము పట్టిన చెట్లని చూస్తూ, ముక్కూమొహం తెలియని మనిషి ఇంట్లో భార్యాభర్తల మధ్య పాత విషయం ఎత్తడం నా పనేనా అని ఆలోచిస్తూ కూర్చున్నాను. పిడుగురాళ్ళలో భోజనం చేసి, ఒంటిగంట దాటాక గురజాల చేరాం.

రామకృష్ణ షెడ్డు తలుపులు తీసి ఉంచాడు. టార్చి వేసి చూస్తే ఇంజనుకీ లోపలికీ మధ్యనున్న రేకు గోడలో ఎడమపక్క స్టీరింగ్ రాడ్డు వెళ్ళిన పాత కన్నం, దానిమీద గుండ్రటి రేకు వెల్డింగు చేసి ఉంది. ఫ్యాక్టరీది కాదు. ఆ మాట చెబితే, ధర తగ్గుతుందనేమో, రామకృష్ణ మొహం కాస్త వాడింది, మర్యాదగానే తలూపాడు. అప్పుడు వాళ్ళమ్మ కోటేశ్వరమ్మగారు మజ్జిగ గ్లాసుతో వచ్చి వరండాలో కూర్చోమంది.

"ఆ కారుని చూడటానికి ఇంత దూరం వచ్చావా అమ్మాయ్? నాకైతే దాని మొహం చూడబుద్ధి కాదు."

"ఎందుకు పెద్దమ్మా?"

"నేను దాంట్లో ముందు కూర్చుని ఎన్ని ఊళ్ళు తిరిగానో. నేను చూసి చెప్తేనే ఆయన తోలేవాడు. ఒక్కసారి తప్పు చెప్పా. ఆయన ఒక్క మాటన్నా అనలా. పోయి స్టీరింగ్ మార్పించుకొచ్చాడు. ఇంక నీ అవసరం లేదన్నట్టేగా? నా మాట మీద నమ్మకం పోయింది ఆయనకి. తిట్టినా బాగుండేది. ఆ రోజు నించి నేను ఎనక సీట్లోనే కూర్చున్నా."

రామకృష్ణ గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. ఈ సంగతి అతనికి కూడా తెలియదని చూడగానే అర్థమైంది. నేను గ్లాసు కింద పెట్టి, బ్రహ్మంగారు చెప్పినది చెప్పినట్టు ఆయన మాటల్లోనే చెప్పాను.

ఆవిడ, "కట్టుతో పోయాడా?" అని అడిగింది.

"కట్టుతోనే వెళ్ళారట."

"నేను నిద్రపోవట్లేదని ఆయనకి తెలుసా? గోడ వైపు తిరిగి పడుకునేదాన్నే..."

కొంగుతో కళ్ళు తుడుచుకుని లేచింది. కొడుకు చెయ్యి పట్టుకోబోతే వద్దని షెడ్డులోకి నడిచింది. ముందు తలుపు తుప్పు పట్టి రాకపోతే రామకృష్ణ గట్టిగా గుంజి తెరిచాడు. ఆవిడ ఎడమవైపు సీట్లో, ఎప్పుడూ కూర్చోని చోట, సర్దుకుని కూర్చుంది. దుమ్ము పట్టిన అద్దాన్ని అతను బయట నుంచి చొక్కా చేతితో తుడుస్తున్నాడు. ఖాళీగా ఉన్న డ్రైవరు సీటు వైపు ఒకసారి చూసి, "ఇక్కణ్ణించి కూడా దారి బానే కనపడేది కదయ్యా, పిలవకపోయావా" అంది.

బయటికొచ్చాక కొడుకుతో, "అమ్ముకోరా. కొనుక్కున్నాయన ఎటు తిప్పుకుంటే నాకేంది" అంది. అలాగే ఉంచమని ఆవిడ పట్టుబడుతుందేమోనని నాకు చిన్న ఆశ ఉండేది. అది జరగలేదు. ఫోటోలు తీసుకుని, కొలతలు రాసుకుని, నాలుగింటికి తిరుగుదారి పట్టాను.

ఆ కారు త్వరలో హైదరాబాదు వెళ్తుంది, స్టీరింగ్ ఎడమవైపుకి పోతుంది. బ్రహ్మంగారి నాన్న పెట్టిన అతుకులన్నీ ఊడిపోతాయి. ఇన్నాళ్ళూ ఇలాంటి మార్పులన్నీ రోడ్ల కోసమో, చట్టం కోసమో, డబ్బు కోసమో జరిగాయని రాసుకున్నాను. ఒక మనిషి నిద్ర కోసం కూడా జరిగిందని ఇప్పుడు తెలిసింది. ఆ నిద్ర నర్సయ్యగారు అనుకున్నట్టు ఆమెకి దక్కలేదు. చెప్పకపోవడం వల్ల ఒక మంచి పని ఇన్నేళ్ళు శిక్షలా నిలబడింది. నా పుస్తకంలో ఈ కారుకి ఏ శీర్షిక పెట్టాలో ఇంకా తేలలేదు.

మీరూ ఇలా పాత బండ్ల కోసం పల్నాడు వెళ్తుంటే ఒక్క మాట. శివరాత్రి రోజులు వద్దు, కోటప్పకొండ తిరునాళ్ళ జనంతో నరసరావుపేటలో గదీ దొరకదు, బండీ దొరకదు. మిగతా రోజుల్లో పొద్దున్నే నరసరావుపేటలో మెకానిక్కుని కలిసి, ఆ తర్వాతే కారున్న ఇంటికి వెళ్ళండి.