విజిల్ వినిపించే మేర

కాక పోయాడని మా పాత గల్లీ శ్రీను ఫోన్ చేసినప్పుడు నేను కాలేజీలో పరీక్ష పేపర్లు పంచుతున్నాను. "కాక పోయిండక్కా. పొద్దుగాల చాయ్ తాగి జర పండుకుంట అన్నడు, మళ్ల లేవలే" అన్నాడు. పిల్లల ముందు ఏడవకూడదు అనుకున్నాను గాని, నిజానికి ఏడుపే రాలేదు. నాకు జవాబు చెప్పకుండా ఎలా పోతాడు అన్న కోపం వచ్చింది ముందు. ఆ కోపానికి రోజంతా నా మీద నాకే రోతగా ఉంది. ఆ రోత న్యాయమైనదో కాదో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

సూరత్ గోడాదరాలో మన తెలుగువాళ్లు ఉండే గల్లీల్లో ఆయన్ని ఎరగనివాళ్లు లేరు. ఇది చదివే మిగతావాళ్ల కోసం చెప్తున్నాను. ఆయన నాకు చుట్టం కాడు. మా నాన్నతో కలిసి ఒకే షెడ్డులో మగ్గాలు నడిపాడు, అందుకని కాక. అందరికీ మాత్రం దళం పెద్ద. మా గల్లీల్లోకి ఫైరింజన్ దూరదు. ఇక్కడివాళ్లు దాన్ని బంబో అంటారు. అది మెయిన్ రోడ్డు మీద ఆగి, మనుషులు పైపు మోసుకుని వచ్చేలోగా షెడ్డులో నూలంతా బూడిదవుతుంది. ఒకసారి మా వెనక గల్లీలో అలాగే జరిగింది. మర్నాడు కాక ఇంటింటికీ తిరిగి మనుషుల్ని పోగేశాడు. జీతం లేదు, డ్రెస్సు లేదు. అగ్గి దళం అని ఎవరో నవ్వులాటకు అన్నారు. ఆ పేరే నిలిచిపోయింది.

నేను అప్పుడే ఎం.ఏ. పూర్తిచేసి ఇంట్లో ఉన్నాను. సంఘం హాల్లో నా చేతికి సుద్దముక్క ఇచ్చి, "నేను జెప్త, నువ్వు రాయి బిడ్డా. మొదటిది, ఉరుకొద్దు. నడువాలె" అన్నాడు.

హాలంతా నవ్వు. "అగ్గి అంటుకుంటె బారాత్ల లెక్క నడుసుకుంట పోతమా కాకా?" అన్నాడు శ్రీను.

"ఉరికెటోడు ఏదో ఒకటి మర్సిపోతడు. బకీటన్న మర్సిపోతడు, మెయిన్ బందు జేసుడన్న మర్సిపోతడు. నడిసెటోనికి అన్నీ యాదికుంటయి. రాయి బిడ్డా."

రాశాను. ప్రతి ఇంటి ముందు ఒక డ్రమ్ము నీళ్లుండాలి, ఇంట్లో పెళ్లయినా వాటిని ముట్టకూడదు. డాబా తలుపుకు తాళం వెయ్యకూడదు. లోపలికి ఎవరూ ఒంటరిగా పోకూడదు, సామాను కోసం అసలే పోకూడదు. మెయిన్ స్విచ్ ఆపారని డాబా మీంచి చూసుకుని దళం పెద్ద ఎత్తిన చెయ్యి దించాలి, అప్పటిదాకా ఒక్క బకెట్టు నీళ్లు కూడా పొయ్యకూడదు. కరెంటు ఉండగా నీళ్లు పోస్తే ఏమవుతుందో మగ్గాలవాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఇంకొకటి ఆయన గట్టిగా పట్టుబట్టి రాయించాడు. కన్నుగాని, చెవిగాని, కాలుగాని సరిగా పనిచెయ్యనివాడు ఎవరూ అడగకముందే తానే చెప్పి తప్పుకోవాలి. ఆ రూలుకు మొదట దెబ్బతిన్నది ఆయన దోస్తే. ఇద్దరూ ఒకే ఊరి నుంచి ఒకే రైల్లో సూరత్ వచ్చినవాళ్లు. దోస్తుకు మోకాళ్లు పట్టేశాయి, ఆ సంగతి దాచాడు. కాక అందరి ముందే దోస్తు చేతిలోని బకెట్టు తీసుకున్నాడు. "దోస్తని ఊకుంటె రేపు దోస్తే కాలుతడు" అన్నాడు. ఆ దోస్తు చాలాకాలం ఆయనతో మాట్లాడలేదు. నాకు మాత్రం ఆ రోజు కాక మీద గౌరవం ఇంకా పెరిగింది. రూలంటే ఇలా ఉండాలి అనుకున్నాను.

మంట చూసినవాళ్లు ఊదే విజిల్ గురించిన రూలు ఒక్కటి నాది. దళంలో ఎవరుండాలి అన్న పేచీ వచ్చినప్పుడు, విజిల్ ఎంతవరకు వినిపిస్తే అంతవరకు మనవాళ్లే, అవతలివాళ్లు సమయానికి రాలేరు అన్నాను. కాకకు అది ఎంత నచ్చిందో! ఆదివారం పొద్దున ఆడవాళ్లందరినీ డాబాల మీదికి ఎక్కించాడు. తాను హాలు గుమ్మంలో నిలబడి ఊదాడు. వినిపించినవాళ్లు చెయ్యెత్తాలి. చేతులు ఎక్కడ ఆగిపోతే అక్కడ గోడ మీద ఎర్రరంగుతో గీత. ఒక ముసలమ్మ ఏమీ వినిపించకపోయినా చెయ్యెత్తింది, "మమ్మల్ని ఇడిసిపెట్టకుర్రి కొడుకా" అంటూ. ఆమె ఇంటికి ఇంకో గజం అవతలికి గీత జరిపాడు.

పెళ్లికి పిలిచినా, పేరంటానికి పిలిచినా ఆయన మొదట అడిగేది మెయిన్ స్విచ్ ఎక్కడ అనే. మా తమ్ముడి పెళ్లిలో వంటవాళ్ల పొయ్యి టెంటుకు దగ్గరగా ఉందని, అది జరిపేదాకా అక్షింతలు చేతిలోనే పట్టుకుని నిలబడ్డాడు. మూసిన తలుపు ముందు మొదట చెయ్యి వెనకవైపు ఆనించి చూసేవాడు, అవతల వేడి ఉందేమోనని. మా ఇంటి తలుపూ అంతే. నేను తలుపు తీసేసరికి ఆ చెయ్యి గాలిలో ఉండేది. ఎవరైనా కాళ్లకు మొక్కబోతే, "నాకు దండం ఎందుకు, పోయి డ్రమ్ము నింపు" అనేవాడు.

పగలు మొగవాళ్లంతా మగ్గాల మీద ఉంటారు, ఇళ్ల దగ్గరుండేది ఆడవాళ్లే. అది గుర్తించి ఆడవాళ్లను దళంలోకి తెచ్చింది కూడా ఆయనే. నన్ను రెండో పెద్దను చేశాడు. ఆయన అందుబాటులో లేకపోతే చెయ్యి దించే హక్కు నాది. ఇంట్లో బాబిన్లు చుట్టే సుగుణ నా జట్టులోనే తయారైంది. ఇవన్నీ ఆయన ఇచ్చినవే. కాదనను.

తర్వాత నాకు ఉద్యోగం వచ్చింది, సూరత్‌లోనే అటు కొసన ఉన్న ఆల్థాన్‌కు మారాం. అయినా ఆదివారాలు వస్తూనే ఉన్నాను. ఆ ఏడాది మీటింగులో ఆయన లేచి, "ఎర్రగీత అవుతల ఉన్నోళ్ల పేరు తీసేస్తున్నం. ఒక్క పేరే ఉన్నది" అన్నాడు. నా పేరే. హాల్లో తలలన్నీ కిందికి వాలాయి.

"ముందుగాల ఒక్క మాట చెప్తె నేనే తప్పుకుందు గద కాకా. గిట్ల అందరి ముందట ఎందుకు?" అన్నాను.

ఆయన నా కళ్లలోకి చూడలేదు. నా నోటివైపే చూస్తూ, "రూలు నువ్వు పెట్టిందే గద బిడ్డా" అన్నాడు. సిగ్గుతో కళ్లు తప్పించుకుంటున్నాడు అనుకున్నాను. నా స్థానంలో రెండో పెద్ద ఎవరని ఎవరో అడిగారు. "సూద్దాం" అన్నాడు. ఎప్పుడూ చూడలేదు.

ఆ తర్వాత ఫోన్ చేస్తే ఆయన భార్య, చిన్నమ్మే ఎత్తేది. ఆయన పండుకున్నడు అనేది, లేకపోతే హాలుకు పోయిండు అనేది. రూలు ప్రకారం తీసేశాడు, ఒప్పుకుంటాను. కాని ఇన్నేళ్లు బిడ్డా అని పిలిచిన మనిషి ఫోన్‌లో ఒక్క మాట కూడా మాట్లాడడా? నాలుగైదుసార్లు చేసి మానేశాను.

ఆ తర్వాతి ఎండాకాలం ఒక మధ్యాహ్నం సుగుణ ఇంటి కింది షెడ్డులో మోటారు కాలి మంట లేచింది. సుగుణ చెయ్యి మోచేతి దాకా కాలింది. నాకు అందిన కబురేమిటంటే, సుగుణ ఆగకుండా ఒంటరిగా లోపలికి ఉరికిందని, అందుకే కాలిందని. మీటింగులో కాకే ఆ మాట చెప్పి ఆమె పేరు కూడా తీసేశాడట. అప్పటి నుంచి గల్లీలో ఆమెకు ఉరుకుడు సుగుణ అని పేరు. కూరగాయల బండివాడు కూడా అంతే అంటాడట, "జర ఆగు ఉరుకుడక్కా, తూకం వెయ్యనియ్యి" అని.

పోయిన మనిషి పేరున పిట్టకు అన్నం పెట్టే రోజు గోడాదరా వెళ్లాను. డాబా మీద విస్తరి పరిచి ఆయనకు ఇష్టమైనవన్నీ పెట్టారు. ఊళ్లో అయితే పక్కన మందు పోసేవాళ్లు. గుజరాత్‌లో అది కుదరదు గదా, గ్లాసులో కూల్‌డ్రింకు పోశారు. "కాక గిది సూస్తె పిట్టను గూడ రానియ్యడు" అని శ్రీను అంటే ఏడ్చేవాళ్లు కూడా నవ్వారు.

నేను కిందికి దిగేసరికి వంటింట్లోంచి చిన్నమ్మ కూర గిన్నె పట్టుకుని వచ్చింది. వస్తూ ముందుగదిలో ట్యూబ్‌లైటు స్విచ్ మీద చెయ్యి వేసి టకటకా రెండుసార్లు వేసి ఆర్పింది. వేసి, అలాగే నిలబడిపోయింది. చెయ్యి స్విచ్ మీదే ఉంది.

"ఏంది చిన్నమ్మా, కరెంటు పోయిందా?" అన్నాను.

చిన్నమ్మ గిన్నెతో డాబా మీదికి వెళ్లిపోయింది. శ్రీను నన్ను మెట్ల దగ్గరికి తీసుకుపోయాడు.

"గట్లనే పిలుస్తుండె అక్కా, కాకను అన్నానికి. ఆయనకు ఇనవడుతలేకుండె. మూడు నాలుగేండ్ల సంది."

మగ్గాల దగ్గర బతికినవాళ్లందరికీ చెవులు కొంత మందగిస్తాయి. అందరం అరిచే మాట్లాడుకుంటాం. అందుకే నాకు అనుమానం రాలేదు.

"విజిల్ గూడ?"

"విజిల్ గూడ. మేమే ఎవలో ఒకలం పోయి భుజం తడుతుంటిమి."

"దళం మొత్తానికి తెలుసా?"

"ఎరుకనే."

"నాకు?"

"నీకు చెప్పద్దన్నడు. నువ్వైతె రూలు మాట తీస్తవని."

"ఆ మాట ఆయన అన్నడా, నువ్వు అంటున్నవా?"

శ్రీను మెడ గోక్కున్నాడు. "అన్నట్టే అక్కా."

అన్నట్టే. ఈ మాట పట్టుకుని ఎన్ని రోజులు తిరిగానో. నన్ను తీసేసింది ఎర్రగీత కోసమా, నేను పసిగడతానని భయంతోనా? నా నోటివైపు చూసింది సిగ్గుతో కాదని, పెదాలు చదవడానికని ఇప్పుడు తెలుసు. మిగతాది చెప్పగలిగిన మనిషి లేడు. నేనైతే నిజంగానే రూలు మాట తీసేదాన్నేమో. ఆయన దోస్తు చేతిలోని బకెట్టు తీసుకున్నప్పుడు మనసులో మెచ్చుకున్న మనిషిని గదా.

మెట్ల కింద గిన్నెలు కడుగుతున్న సుగుణ మా మాటలు విన్నది. చెయ్యి చుట్టూ కొంగు చుట్టుకుని పైకి వచ్చింది. చెయ్యి కాలినప్పటి నుంచి ఆమె అలాగే ఉంటుంది.

"నేను ఉరుకలే అక్కా. నడిసే పోయిన" అంది. "మెయిన్ బందు జేసిండ్రు. అందరు బకీట్లు పట్టుకొని డాబా మీదికే సూస్తున్నరు, కాక ఎప్పుడు చెయ్యి దించుతడా అని. కాకేమో అటు మల్లి బట్టలు ఆరేస్తున్నడు. విజిల్ మీద విజిల్. తిరుగుతనే లేడు. మా అత్త లోపట దగ్గుతున్నది. ఎంత సేపు నిలవడుదు? ఎవలన్న నాతోని రార్రి అన్న. ఎవ్వలు రాలే. నడిసే పోయిన, నడిసే తెచ్చిన."

శ్రీను గోడవైపు తిరిగాడు. "రూలు పట్టుకొని నిలవడ్డం అక్కా. ఏం జేయాల్నో సమజ్ గాలే."

రెండో పెద్ద ఉంటే చెయ్యి దించేది. రెండో పెద్దను లేకుండా చేసింది ఆయన. తర్వాత అందరి ముందు నిలబడి, ఉరికింది అని సుగుణ మీదికి నెట్టిందీ ఆయనే. నన్ను తీసేసిన సంగతిని ఎప్పుడో ఒకప్పుడు మర్చిపోతాను. దీన్ని మర్చిపోలేను. తన మొదటి రూలునే, మాకు అంత ప్రేమగా నేర్పిన మాటనే, ఆ రూలు పాటించిన మనిషి మీద నేరంగా మోపాడు.

"సంఘం పత్రికకు నువ్వే రాయాలె అక్కా, కాక మీద" అన్నాడు శ్రీను. "మంచిగ రాయి."

"రాస్త. సుగుణ సంగతి గూడ రాస్త."

"సచ్చిన మనిషి మీద గిట్లెవలన్న రాస్తరా? దళం పేరు ఏం గావాలె? నలుగురు నవ్వుతరు."

"సుగుణను చూసి ఇప్పుడు నవ్వుతలేరా?"

"ఒక్కామె మీదికి పోతున్నది అక్కా. అది చెప్తె అందరి మీదికొస్తది" అన్నాడు. ఈ మాట అన్నందుకు వాడి ముఖం వెంటనే ముడుచుకుపోయింది, కాని మాట అనేశాడు.

"ఏంది మీ గుసగుస?" చిన్నమ్మ డాబా గుమ్మంలో నిలబడి ఉంది. నేను ఆమె దగ్గరికి వెళ్లి మెల్లగా అడిగాను. ఆ మధ్యాహ్నం ఏం జరిగింది చిన్నమ్మా, నీకు తెలుసా అని. ఆమె నా చెయ్యి పట్టుకుంది. రహస్యం చెప్పేటట్టు ముందుకు వంగింది.

"ఆయనకు ఇనవడలే బిడ్డా!"

ఆమె మెల్లగానే చెప్తున్నానని అనుకుంటోంది. వినపడని మనిషితో ఇన్నేళ్లు మాట్లాడీ మాట్లాడీ ఆమె గొంతుకు చిన్నగా మాట్లాడడం రాకుండా పోయింది. ఆ మాట మెట్లు దిగి, గల్లీ దాటి, అవతలి డాబాల దాకా పోయింది.

"నేనే పైకురికొచ్చి భుజం తట్టిన! ఆయన చెయ్యి దించేవరకే సుగుణ ముసల్దాన్ని ఎత్తుకొని బయటికొచ్చింది! చెయ్యి కాలి ఉన్నది! ఇజ్జత్ పోతదని ఆ పిల్ల మీదికి తోసిండు! వద్దయ్యా, పాపం అన్న! ఇన్లే! దళం పోతె నేనేం బతుకుత అని ఏడ్సిండు. ఏం జెయ్యాలె, నేను గూడ నోరు మూసుకున్న!"

కింద కుర్చీలు సర్దుతున్నవాళ్లు ఆగిపోయారు. ఎదురింటి కిటికీలో రెండు తలలు కనిపించాయి. గిన్నెల మీద నీళ్లు పడుతూనే ఉన్నాయి. కొళాయి కట్టెయ్యడం ఎవరికీ తోచలేదు. చిన్నమ్మ నా ముఖంలోకి చూసి, "మెల్లగనే చెప్పిన గద బిడ్డా?" అని అడిగింది. అదీ అందరికీ వినిపించింది.

నేను ఆయన్ని క్షమించానో లేదో రాయలేను, నాకే తెలియదు. మా గల్లీల్లో ఎంతోమంది ఈరోజు బతికి ఉన్నారంటే ఆయన నేర్పినందుకే. సుగుణ అత్త కూడా వాళ్లలో ఒకతె. ఆ మేలూ, సుగుణకు చేసిన అన్యాయమూ, రెండూ రాయకపోతే ఆయన గురించి రాసినట్టు కాదు.

ఆ రోజు పిట్ట చాలాసేపటికి గాని రాలేదు. అంతవరకు అందరం డాబా మీద కూర్చున్నాం. సుగుణ కాస్త ఎడంగా, పిట్టగోడ పక్కన కూర్చుంది. కొంతసేపయ్యాక చేతికి చుట్టుకున్న కొంగును మెల్లగా విప్పింది. ముడుచుకుపోయిన ఆ చర్మాన్ని ఎవరు చూస్తున్నారో కూడా చూసుకోలేదు. ఉతికిన బట్టను ఆరేసినట్టు చెయ్యిని ఎండలోకి చాపి, అలాగే ఉంచింది.