మంచానికి రోజు రేటు

మా మేనత్తకు దవడలో పుండు లేచింది. అది మానే జబ్బు కాదని విశాఖపట్నం డాక్టర్లు చెప్పేశాక, విజయనగరం ఊరి చివర ఒక ఆశ్రమం ఉందని ఎవరో చెప్పారు. అక్కడ జబ్బు నయం చెయ్యరు, చివరిదాకా నొప్పి తెలియకుండా చూస్తారు. రాష్ట్రం ఇంకా విడిపోని రోజులవి.

అత్త నొప్పితో మూడు రోజులుగా కన్ను మూయలేదని ఆశ్రమంలోని పెద్ద నర్సుకు చెప్పాను. ఆమె ముందుగా అడిగింది రేషన్ కార్డు రంగు.

"గులాబీ" అన్నాను.

"అయితే పథకంలోకి రారండి. తెల్లకార్డు ఉంటే ప్రభుత్వం మాకు రోజుకింత అని కడతాది. మంచం, మందు, తిండి, సూసుకునే మనిషి, అన్నీ ఆ రేటులోనే. లేపోతే అదే రేటు మీరు కట్టుకోవాల."

రేటు ఎంతో చెప్పింది. నెల్లిమర్ల బట్టల దుకాణంలో గుమాస్తాగా నాకు రోజుకు వచ్చేది అందులో సగం కూడా లేదు. ఆ సంగతి ఆమెకు చెప్పలేదు.

"ఈ రేటు ఇంతని ఎవరు కట్టారు?"

"హైదరాబాదులో పెద్దోలు కూసుని కట్టారు."

"నొప్పితో గింజుకునే మనిషికీ, నిద్రపోయే మనిషికీ ఒకటే రేటా?"

"ఒకటేనండి."

"మా తాత గోగునారకైనా తడి చూసి, పొడుగు చూసి, రంగు చూసి రేటు కట్టేవాడు."

ఆమె నవ్వింది. "మీ తాతగారుంటే ఆ కమిటీలో ఏయించీవోలమండి. ఇప్పుడికి మాత్రం తెల్లకార్డు తెండి. అది ఆలస్యమైతే పేదోలని తాసీల్దారు సంతకంతో కాగితమైనా సాలు. వారం దాకా మంచం ఆపుతాను."

మా తాత నెల్లిమర్ల జూట్ మిల్లుకు నార తోలిన వర్తకుడు. బేరగాడి చెయ్యి పట్టుకుని, పైన తువ్వాలు కప్పి, వేళ్లతో ధర తేల్చేవాడట. నేను పుట్టేనాటికి తువ్వాలు మిగిలింది, నార లేదు. కార్డులు పంచినప్పుడు మా నాన్న అందరి ఎదుటా గులాబీదే రాయించుకున్నాడు. దాని మీద చవక బియ్యం రావు. మేము చెయ్యి చాచేవాళ్లం కాదని ఊరికి తెలిస్తే చాలనుకున్నాడు. ఆయన పోయాక నేనూ మార్పించలేదు.

అర్జీ పెట్టిన మూడో రోజున ఇల్లు చూడడానికి వీఆర్వో వచ్చాడు. సర్కారు మనిషి గడప తొక్కితే వెండి గ్లాసులో మంచినీళ్లివ్వడం తాతనాటి నుంచి మా ఇంటి ఆనవాయితీ. మిగిలింది ఒక్క గ్లాసే. మా ఆవిడ అలవాటుగా అందులోనే నీళ్లు తెచ్చింది. నాకూ తప్పు తోచలేదు.

వీఆర్వో గ్లాసు తిప్పి చూశాడు. "ఏటండి ఇది? ఎండి గ్లాసుతో నీల్లిచ్చి పేదోలని రాయమంటారా?"

"ఇంట్లో ఉన్న వెండి అదొక్కటే."

"అయితే మాత్రం, నానొచ్చే టైముకి దాసీవల్సింది కాదేటి?"

"దాచడం మా ఇంట్లో లేదు."

"పోనీ, మాం పేదోలం అని మీ నోటితో సెప్పండి. రాసీస్తాను."

అత్త వెనక గదిలో మూలుగుతూనే ఉంది. చెప్పవలసింది ఒక్క మాట. అతను కలం మూత పెట్టబోయాడు.

మూలుగు ఆగింది. అత్త దవడకు గుడ్డ కట్టుకుని, గోడ పట్టుకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడింది.

"ఒరే, నువ్వు పక్కకెల్లు" అని నాతో అని, అతని వైపు తిరిగింది. "బాబూ, నా పెనిమిటి పోయి నలబయ్యేల్లు. పిల్లల్లేరు. నాకెవులూ లేరు. నన్నొక్కదాన్నే రాయి."

"మరి ఈయనెవరండి?"

"పక్కింటోడు. ఈ గది ఇచ్చాడు. గంజి పోస్తాడు."

మా అమ్మ పోయాక నన్ను పెంచింది అత్తేనని ఆ వీధిలో తెలియనివారు లేరు. వీఆర్వోకూ తెలుసు. నేను కాదంటానేమోనని కాసేపు నా వైపు చూశాడు. నేను అత్త చెప్పినట్టు పక్కకు జరిగాను. ఒంటరి ఆడమనిషి, ఆధారం లేదు అని రాసుకున్నాడు. నీళ్లు తాగి గ్లాసు కిందపెట్టి వెళ్లాడు.

"ఏటలా నిలబడిపోనావు?" అంది అత్త. "నొప్పి నీకా, నాకా?"

గడువులోపల తాసీల్దారు కాగితం వచ్చింది. అత్తకు ఆశ్రమంలో మంచం దొరికింది. నల్లమందు నుంచి తీసిన మాత్ర ఒకటి పూటపూటా ఇచ్చేవారు. రెండో రోజున ఆమె నిద్రపోయింది. నేను ఆదివారాలు బార్లీ నీళ్లు పట్టుకుని వెళ్లేవాణ్ణి. వచ్చిపోయేవాళ్ల పుస్తకంలో పొరుగింటివాడినని రాసేవాణ్ణి.

పథకంలో ఇంకో నియమం ఉంది. ప్రభుత్వం ఒకసారికి కొన్ని రోజులకే రేటు ఒప్పుకుంటుంది. ఆ తర్వాత మనిషిని ఫొటో తీసి పంపి, ఇంకా కొన్ని రోజులు కావాలని అడగాలి. ఫొటో అంటే అత్త దువ్వెన తీసేది.

"అమ్మా, మరీ బాగా కనబడితే ఇంకేటి జబ్బంటారు" అనేది పెద్ద నర్సు.

"తల దువ్వుకోకుండా ఎవులికీ కనబడను నాను. మావోడు సూస్తే ఏటనుకుంటాడు?"

"మీవోడెవరమ్మా?"

అత్త నా వైపు చూసి నోరు మూసుకునేది. నర్సు నవ్వు ఆపుకుంటూ ఫొటో తీసేది. అలా రెండుసార్లు ఒప్పుకున్నారు. మూడోసారి అడగవలసిన పని పడలేదు.

ఒక ఉదయం తొమ్మిదింటికి కబురొచ్చింది. నేను వెళ్లేసరికి అత్తను శుభ్రం చేసి, తెల్లదుప్పటి కప్పి ఉంచారు. నొప్పి లేకుండా పోయిందని నర్సు చెప్పింది. తర్వాత శవాన్ని అప్పగించే కాగితం నా ముందు పెట్టింది. చనిపోయినవారికి మీరు ఏమవుతారు అని అందులో ఒక గడి.

"మేనల్లుణ్ణని రాస్తాను" అన్నాను. అంతవరకూ ఆ అబద్ధం నా ఒక్కడి పరువుకే తగిలిందనుకున్నాను.

నర్సు గొంతు తగ్గించింది. "అలా రాస్తే ఆమె ఒంటరి మనిషి కాదని తేలిపోతాది కదండి. ఇన్నాళ్ల రేటూ మమ్మల్ని ఎనక్కి కట్టమంటారు. తరవాత మీ ఇష్టం."

తలుపు తెరిచే ఉంది. అవతల మంచాలన్నిటి మీదా మనుషులున్నారు. ఒక ముసలాయన గురకపెట్టి నిద్రపోతున్నాడు.

పొరుగువాడు అని రాశాను. కింద సంతకం చేశాను. తాత నార బిల్లుల మీద చేసిన సంతకం లాంటిదే మా ఇంట్లో అందరిదీ, పొడుగ్గా గడి దాటి పోతుంది.

ఆ కాగితం మడిచి పెట్టుకుని, నర్సు సొరుగులోంచి అత్త దువ్వెన తీసింది. పళ్ల మధ్య రెండు తెల్లవెంట్రుకలున్నాయి.

"ఇది రేటులోది కాదు. మీ ఇంటిది" అంటూ నా చేతికిచ్చింది. "పట్టుకెల్లండి."

తీసుకుని జేబులో పెట్టుకున్నాను.