చివరి కుర్చీ దాకా రాని మీటింగు

టీమ్ లీడ్ అయిన కొత్తలో రోజూ పదింటికి మీటింగు పెట్టేదాన్ని. ప్రగతి నగర్ నుంచి ట్రాఫిక్‌లో ఈదుకుంటూ వచ్చేసరికి చెప్పాల్సినవన్నీ మనసులో సిద్ధమైపోయేవి. పేరుకు పావుగంట మీటింగు. అందులో పది నిమిషాలు నేనే మాట్లాడేదాన్ని. తరువాత నా కుడివైపు నుంచి ఒక్కొక్కరూ అందుకునేవారు. ఒకరి సమస్య మీద నలుగురం పడేవాళ్లం. గంట ఇట్టే గడిచేది. పదకొండింటికి ఆ గది వేరే టీముది. వాళ్లు తలుపు తట్టగానే లేచిపోయేవాళ్లం.

తలుపు పక్క చివరి కుర్చీలో మా టెస్టర్ కూర్చునేది. కరీంనగర్ వైపు మనిషి, నాకంటే పెద్ద. పిల్లలు బడికి వెళ్లడం మొదలయ్యాక మళ్లీ ఉద్యోగంలో చేరింది. మేం రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు పట్టుకోవడం ఆవిడ పని. మీటింగులో గొంతు వినిపించకపోతే నెమ్మదస్తురాలు అనుకున్నాను.

అప్పుడు ఒక ఆసుపత్రికి అపాయింట్‌మెంట్ల యాప్ చేస్తున్నాం. గురువారం అది జనంలోకి వెళ్లింది. శుక్రవారం పొద్దున్నే ఫోన్. ఒకే డాక్టరు గది ముందు, ఒకే సమయానికి ఇద్దరేసి రోగులు వచ్చి కూర్చున్నారట. యాప్ ఆపేసి, అందరికీ క్షమాపణలు చెప్పి, సాయంత్రానికి ఊపిరి పీల్చుకున్నాం. ఇంత తప్పు మీ కంట పడలేదా అని ఆవిడను కటువుగానే అడిగాను.

"సోమవారమే దొరికింది మేడమ్. తప్పుల లిస్టుల గూడ ఎక్కించిన, ఎవరు చూడలే. రోజు చెప్దామనే వస్తున్న. నా దాంక రాకముందే మీటింగ్ అయిపోతున్నది."

"ఒక మెయిల్ పెట్టాల్సిందండీ."

"మెయిళ్లు వద్దు, ఏదున్నా మీటింగ్‌లనే చెప్పుమని మీరే అన్నరు గద."

అన్నాను. పెద్ద సంస్కరణ చేసినట్టు గర్వపడ్డాను కూడా. ఆవిడ మాటలో నిష్ఠూరం లేదు. ఉన్నా బాగుండేదనిపించింది.

సోమవారం అందరి ముందూ తప్పు నాదని ఒప్పుకుని, ఇవాళ చివరి కుర్చీ నుంచి మొదలుపెడదామన్నాను. ఆవిడ రెండు నిమిషాల్లో మూడు విషయాలు చెప్పింది. అందులో ఒకటి నేను రాసిన భాగంలోని తప్పే. ఇద్దరికే పనికొచ్చే చర్చ మొదలైతే, ఆ ఇద్దరినీ తరువాత విడిగా కూర్చుని మాట్లాడుకోమన్నాను. పదీ ఇరవైకి బయటపడ్డాం. అంత తీరిక ఏం చేసుకోవాలో తెలియక అందరం కిందికి చాయ్‌కి వెళ్లాం.

నెల తిరక్కుండానే మీటింగు నడిపే పని ఆవిడకు అప్పగించాను. ఎవరైనా సాగదీస్తే ఏమీ అనేది కాదు, ఊరికే వాళ్లవైపు చూసేది. ఎక్కువసార్లు చూసింది నావైపే.

సరిదిద్దిన యాప్ మళ్లీ బయటికి వెళ్లిన మర్నాడు ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చింది. మళ్లీ ఇద్దరేసి వచ్చారేమో అనుకుంటూనే ఎత్తాను. పెద్దవాళ్లకు అక్షరాలు కనబడటం లేదు, కాస్త పెద్దవి చేస్తారా అని అడిగారు. ఆవిడా నేనూ ఒకళ్ల మొహం ఒకళ్లం చూసుకుని నవ్వేసి, ఆ పని మొదలుపెట్టాం.