మంట పోయిందని సంబరపడ్డాను

ఆ రోజు పొద్దున విత్తనాల కోసం వేసే సీడ్ పత్తిలో క్రాసింగ్ చేస్తున్నాం. మగ పువ్వు తెంపి ఆడ పువ్వుకు రాసే పని. మాది వడ్డేపల్లి దగ్గర ఊరు, ఇక్కడ చాలామంది చేసేది అదే. ఒక సాలు పూర్తికాకముందే చెంబులు చెంబులు నీళ్లు తాగాను. అయినా నాలుక ఎండిపోతోంది. అరికాళ్లు మిరపకాయ రాసినట్టు మండుతున్నాయి. పక్క సాల్లో ఉన్న ఎల్లమ్మ నవ్వింది. ఆమె మా పక్కింటామె.

"ఏందక్కా, పత్తికి పెట్టే నీళ్లన్నీ నువ్వే తాగుతున్నవ్?"

సాయంత్రానికి కళ్లు మసకబారి మొగ్గ కనబడలేదు. మరునాడు మా ఆయన గద్వాల దవాఖానకు తీసుకుపోయాడు.

నేను అయిదు దాకనే చదివాను. రాయడం ఇదే మొదలు. తెలిసినంత రాస్తాను.

రక్తం పరీక్ష చూసి డాక్టరమ్మ అడిగింది. "ఇంట్ల ఎవరికన్నా షుగర్ ఉందా అమ్మా?"

"మా అమ్మకుండె మేడం. దాంతోనే పోయింది. ఇగ నాకు తప్పదు గద?"

"నువ్వేం పని చేస్తవ్?"

"సీడ్ పత్తి."

"అయితే నీకు తొందరగ అర్థమైతది. గింజ ఒకటే అయినా నీళ్లు పారిన చేన్ల ఒక తీరు, ఎండిన చేన్ల ఒక తీరు వస్తది గద? జీన్స్ గూడ అట్లనే. మీ అమ్మ నుంచి నీకొచ్చినవాటిని మనం మార్చలేం. కానీ జోరుగ నడిస్తే కండల్ల కొన్ని జీన్స్ లేచి పనిచేస్తయ్. రక్తంల షుగర్‌ను కండ గుంజుకుంటది. నడక ఆపితే కొన్ని దినాలకు మళ్ల పండుకుంటయ్."

"దినమంతా చేన్లనే తిరుగుత గద మేడం."

"అది తిరుగుడు గాదు, నిలబడుడు. పువ్వు పువ్వుకు ఆగుతవ్. అరగంట ఆగకుండ నడువు. మాట్లాడొస్తది గాని పాట పాడరాదు, గంత జోరు ఉండాలె. బూట్లేసుకో. కాళ్లు రోజూ సూసుకో."

మొదటి మాట విన్నాను. చివరి రెండు మాటలు వినలేదు. చీర మీద బూట్లేసుకుంటే ఊర్లో నవ్వుతారని పాత చెప్పులతోనే నడిచాను. ఎల్లమ్మకు కూడా షుగరే, ఆమె కాళ్లూ మండేవి. తోడు వచ్చేది. కాలువ గట్టు మీద రోజూ నడిచాం. మూడు నెలల షుగర్ అని ఒక టెస్టు ఉంటుంది. అది బాగా తగ్గింది. డాక్టరమ్మ మెచ్చుకుంది. మాత్రలు మాత్రం ఆపొద్దంది.

దానికన్నా పెద్ద సంతోషం ఇంకోటి. కాళ్ల మంట పోయింది. నడకతోనే పోయిందని చేన్లో అందరికీ చెప్పాను. దవాఖానలో మాత్రం చెప్పలేదు. పోయిన మంట గురించి ఏం చెప్పాలి అనుకున్నాను.

ఒకరోజు గట్టు మీద ఎల్లమ్మ వెనక నుంచి కేకేసింది. "అక్కా, ఎడమ చెప్పు ఈడ్నే ఇడిసిపెట్టి పోతున్నవ్! కొత్త పెండ్లికూతురు లెక్క సోయి లేకుంటయినవా ఏంది?"

పొట్ట పట్టుకుని నవ్వుకున్నాం. చెప్పు జారితే నాకెందుకు తెలియలేదని ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు.

వారం తర్వాత మా ఆయన అరిచాడు. "ఏమే, ఇంట్ల బండల మీద గీ రక్తమేంది?"

అది నాదే. ఎడమ అరికాలిలో తుమ్మముల్లు విరిగి, చుట్టూ చీము పట్టింది. ఎప్పుడు గుచ్చుకుందో తెలియదు.

డాక్టరమ్మ సన్నని దారంలాంటిది తీసింది. కళ్లు మూసుకో, కాలికి తగిలినప్పుడల్లా చెప్పు అంది. నేను కళ్లు మూసుకుని చాలాసేపు ఎదురుచూశాను.

"ఎప్పుడు పెడతరు మేడం?"

"పదిసార్లు పెట్టిన అమ్మా," అంది. దారం పక్కన పెట్టింది. "నీ మంట తగ్గలే. నరాలకు స్పర్శ పోయింది. న్యూరోపతి అంటరు."

పుండు మానేదాకా నడవొద్దంది. నడక ఆగేసరికి షుగర్ మళ్లీ ఎక్కింది. ఇన్సులిన్ మొదలుపెట్టారు. షుగర్ ఎక్కువుంటే పుండు మానదు, పుండు మానకుంటే నడవరాదు. కర్నూలు దవాఖానలో ముందు రెండు కాలివేళ్లు తీశారు. తర్వాత సగం పాదం తీశారు.

ఇప్పుడు కుర్చీలో కూర్చుని ఊపిరి ఎగపోసేదాకా చేతులు ఆడిస్తాను. షుగర్ కొంచెం తగ్గుతుంది, అప్పటంత కాదు. కుడి కాలికీ స్పర్శ లేదు. అదైనా ఉంటుందని నాకు ఆశ లేదు.

ఎల్లమ్మ నడక మానేసింది. "నడిచే గద నీ కాలు పోయింది?" అంటుంది.

"నడిచినందుకు గాదే, సూసుకోనందుకు," అంటాను. ఆమె నా సగం పాదం వైపు వేలు చూపిస్తుంది.

చదివేవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే. నడవండి, కానీ ముందు ఆ దారం పరీక్ష చేయించుకోండి. ఎవరు నవ్వినా బూట్లేసుకోండి, వచ్చాక అరికాళ్లు అద్దంలో చూసుకోండి. మంట దానంతట అదే పోతే సంబరపడకండి, దవాఖానకు పోండి.

నిన్న అద్దం పట్టుకుని, కట్టె ఊతంగా ఎల్లమ్మ ఇంటికి పోయాను. కాళ్లు చాపమన్నాను. చీర అంచు పాదాల మీదికి లాక్కుంది.

"నీకూ మండుతుండె గద, ఇప్పుడెట్లుంది?" అని అడిగాను.

"జర మంచిగనే ఉందక్కా," అంది. "ఈ నడుమ మంటే లేదు."