గ్లాసు కింద పాచిక

నా కోడలు కాపురానికి వచ్చేటప్పుడు బట్టలతోపాటు ఒక చెప్పుల పెట్టె తెచ్చుకుంది. తెరిచి చూస్తే దూదిలో చుట్టిన బొమ్మలు. వేలి కణుపంత సైనికులు. చేతుల్లో తుపాకులు, నెత్తిన అద్దాల టోపీలు. వేరే ఏదో గ్రహం మీద కొట్లాడుకుంటారట. పెళ్ళయిన పిల్ల బొమ్మలేమిటని మొదట్లో సిగ్గుపడ్డాను. ఎవరైనా వస్తే పెట్టె మంచం కిందికి తోసేదాన్ని.

ఆమె కోట ఊరి దగ్గర రొయ్యపిల్లల హేచరీలో పని చేస్తుంది. ఆదివారం సెలవు. ఆ రోజు ఆమెతో పనిచేసే ఒకతను, గూడూరు నుంచి స్కూటీ మీద ఒక టీచరమ్మ మా ఇంటికి వస్తారు. పాత తలుపు చెక్కను స్టూళ్ళ మీద పరిచి, పగిలిన ఐసు పెట్టె థర్మాకోలుతో కొండలు నిలబెడతారు. టేపుతో కొలిచి బొమ్మలను జరుపుతారు. గుండు తగిలిందో లేదో పాచిక వేసి చూస్తారు. నాకు సంతకం తప్ప చదువు రాదు. ఇది కూడా నేను చెబుతుంటే కోడలే రాస్తోంది. అయినా చూసి చూసి ఆట నాకూ పట్టుబడింది.

ఆట ఒకటి కాదు, రెండు. ఒకదానిది పలచటి పుస్తకం. అందులో పడిపోయిన బొమ్మ పెట్టెలోకి పోతుంది, వచ్చే ఆదివారం మళ్ళీ లేచి నిలబడుతుంది. రెండోదానిది లావు పుస్తకం. అందులో ఒక్కో సైనికుడికి ఒక్కో కాగితం. వాడు నేర్చిన విద్యలు, తగిలిన దెబ్బలు అన్నీ రాస్తారు. పడిపోయినవాడికి యుద్ధం అయ్యాక ఒక పాచిక వేస్తారు. ఒకటి పడితే వాడు పోయినట్టే. కాగితం చించేస్తారు. ఇంకెప్పుడూ బల్ల మీదికి రాడు.

ఒక వారం అది, ఒక వారం ఇది ఆడుతూ వచ్చారు. ఏదో ఒకటి ఖాయం చేసుకుంటే దానికి తగ్గ బొమ్మలు తెప్పించుకోవచ్చని తగువు మొదలైంది.

"చచ్చినోడు వారం వారం లేచొస్తా ఉంటే ఇంక భయమేముంది పెద్దమ్మా? ఉప్పు లేని పులుసు," అన్నాడు హేచరీ అబ్బాయి.

"నేను బళ్ళో పిల్లకాయలతో వారమంతా చస్తానే ఉండా. ఆదివారం గూడా చావాల్నా?" అంది టీచరమ్మ. "తేల్చండబ్బా. రెండు పడవల మీద కాళ్ళు పెట్టుకోని ఎంతకాలం?"

"పడవ మాట ఎత్తబాకమ్మా," అన్నాను.

నా కొడుకు ఆ రోజు చేపల వేట మీద ఉన్నాడు. తెల్లారకముందే వెళ్ళిన పడవ పది గంటలకు ఒడ్డుకు రావాలి. పన్నెండు దాటింది. ఫోను కలవడం లేదు. మగవాళ్ళు నీళ్ళ మీద ఉండగా మా ఇళ్ళల్లో చావు మాట ఎత్తం. ఈ ముగ్గురూ చచ్చాడు, చచ్చాడు అని అరుస్తుంటే వినలేక, మజ్జిగ గ్లాసు తెచ్చుకునే వంకన లోపలికి పోయి వచ్చాను.

పైగా కోడలి సేనకు పెద్ద ఎవరనుకున్నారు? నీలం చొక్కా బొమ్మ. రంగు వేసిన రోజు ఆమే తెచ్చి చూపించింది. "నీ కొడుకే అత్తా. ఆ మూతి ముడుపు చూడు." ఆ రోజు నవ్వాను.

పడవ రాని ఈ ఆదివారం ఆడుతున్నది లావు పుస్తకం ఆట. నీలం చొక్కా పడిపోయాడు.

నా భయం మీకు తెలియాలంటే ఒక సంగతి చెప్పాలి. నా పెనిమిటి సముద్రంలో పోయాడు. పదకొండు రోజులు వెతికారు. శవం దొరకలేదు. శవం దొరకనివాళ్ళకు దర్భలతో బొమ్మ చేసి, ఆ మనిషేనని అనుకుని దహనం చేస్తారు. పెద్దలు అదే చేశారు. ఆ బొమ్మకు ఆయన చొక్కా తొడిగారు. అది కాలే దాకా ఆయన ఎక్కడో ఉన్నాడు, ఏ ఊరి ఒడ్డుకో కొట్టుకుపోయాడు, వస్తాడు అనుకున్నాను. అది కాలాక నా గాజులు తీశారు. బొమ్మ పోయాకే మనిషి పోయాడు నాకు.

యుద్ధం అయ్యాక కోడలు వాడి కోసం పాచిక వేసింది. అది ఇంకా దొర్లుతుండగానే చేతిలో ఉన్న స్టీలు గ్లాసు దాని మీద బోర్లించాను. మజ్జిగ బల్లంతా ఒలికింది.

"ఏంది పెద్దమ్మా ఇది!"

"వాడు ఒడ్డెక్కిందాకా దీన్ని ఎవురూ ఎత్తేదానికి లేదు. ఎత్తితే నా మీద ఒట్టే."

హేచరీ అబ్బాయి నవ్వబోయి కోడలి మొహం చూసి ఆపుకున్నాడు. ఆమెకు ఇంతసేపూ భయం లేదు. నేనే అంటించాను. ఆమె గ్లాసు వైపు చూస్తూ ఫోను చేస్తూనే ఉంది. ఒంటిగంట అయింది. రెండయింది. అన్నం ఎవరూ ముట్టలేదు. వీధిలో బండి చప్పుడైన ప్రతిసారీ నలుగురం తల తిప్పాం. గ్లాసు కింద ఏముందో చూడాలనీ ఉంది, చూస్తే వాడిని నేనే ముంచేస్తానేమోననీ ఉంది. చేతులు ఒళ్ళో బిగించి కూర్చున్నాను.

మూడున్నరకు వచ్చాడు. ఇంజను పంకాకు పాత వల చుట్టుకుందట. వేరే పడవ లాక్కొచ్చిందట. ఒళ్ళంతా ఉప్పు, కళ్ళు ఎర్రగా. నేను నోరు తెరిచేలోపే, "దాహంగా ఉండాదిమా," అంటూ బల్ల మీది గ్లాసు ఎత్తాడు.

ఒకటి.

"అదేంది, అందరూ అట్ట చూస్తా ఉండారు? ఒకటి పడితే మంచిదా?" అన్నాడు.

"మంచిదే. నీళ్ళు తాగు," అంది కోడలు. గ్లాసు అందుకుని నీళ్ళు ముంచి ఇచ్చింది.

నా కొడుకు నా ఎదురుగా నిలబడి నీళ్ళు తాగుతున్నాడు. గొంతులో గుటకలు కనబడుతున్నాయి. బొమ్మ పోయింది. మనిషి ఉన్నాడు. ముందు ప్రాణం కుదుటపడింది. ఆ వెంటనే ఇంకో మాట తట్టింది. బొమ్మ పోయినా మనిషి ఉండగలిగితే, ఆ రోజు మేము కాల్చిందేమిటి? ఆయన ఎక్కడో ఊపిరితో ఉండగానే కాల్చామా? నా గాజులు తీసిన పూట ఆయన ఏ ఒడ్డున దాహమన్నాడో!

ఇన్నేళ్ళకు మళ్ళీ ఆయన కోసం వాకిలి వైపు చూశాను. అలా చూసినందుకు నా మీద నాకే భయం వేసింది.

సాయంత్రం టీచరమ్మ సర్దుకుంటూ, "ఇంకేముందిలే అక్కా, మీ అత్త కోసం పలచటి పుస్తకమే ఆడుకుందాం," అంది కోడలితో.

"వద్దు," అన్నాను. "లావుదే ఆడండి. పోయినోడు పోయినట్టే ఉండాల. వారం వారం లేచొచ్చే ఆట నా ఇంట్లో వద్దు."

ముగ్గురూ నా మొహం చూశారు. "నువ్వు మా పక్షమా పెద్దమ్మా!" అన్నాడు హేచరీ అబ్బాయి. మన ఇంటి మనుషుల పోలిక మాత్రం ఏ బొమ్మకూ వేయొద్దని కోడలితో అన్నాను. తలూపింది.

ఇప్పుడు ప్రతి ఆదివారం ఆ ఆటే. కాగితాలు చిరుగుతుంటాయి, కొత్తవాళ్ళు వస్తుంటారు. ఆ సాయంత్రం నేను తీసుకున్న నీలం చొక్కా బొమ్మను మాత్రం వాళ్ళకు తిరిగి ఇవ్వలేదు. అవతల పారేయలేదు, కాల్చలేదు. ఎక్కడ పెట్టానో ఎవరికీ చెప్పలేదు.

ఈ మాట రాస్తూ కోడలు తలెత్తి నన్ను చూసింది.

రాయమ్మా, అన్నాను.