పద్మజ పేరున్న కాగితం

పక్క క్వార్టర్ పెదనాన్న పోయారని మంగళవారం పొద్దున ఫోన్ వచ్చింది. అమ్మను తీసుకుని సెక్టర్ 4కు వెళ్లాను.

ఆ రోజుల్లో భిలాయ్‌లో పెరిగినవారికి ఆయన వరండా తెలిసే ఉంటుంది. ఆయన స్టీల్ ప్లాంట్‌లో గుమాస్తా. విదేశాల్లో పనిచేసి వచ్చిన ఇంజనీర్లు, అక్కడ పుట్టిన పిల్లల కాగితాల కోసం ఆయన దగ్గరికే వచ్చేవారు. ఫారం నింపేముందు, అందులోని పేరుతో పిల్లను పిలిచేవారు. "కాగితం పలకదమ్మా, పిల్ల పలకాల" అనేవారు. పలికాకే పెన్ను మూత తీసేవారు.

నేను నైజీరియాలో పుట్టాను. అంతకు ఏడాది ముందు అక్కడే అక్క పద్మజ పుట్టి, మూడో నెలలో పోయింది. అక్క పుట్టుక అక్కడి మన హైకమిషన్ కార్యాలయంలో నమోదైంది. అమ్మ పాస్‌పోర్టులో పేరు ఎక్కింది. అక్క మరణాన్నీ, నా పుట్టుకనూ నాన్న నమోదు చేయించలేదు. అక్క పేరు మీదే నన్ను ఇక్కడికి తెచ్చారు. బడిలో చేర్చడానికి ఆ కాగితమే పెదనాన్న ముందు పెట్టారు.

"పద్మజా!" అని పిలిచారాయన.

నేను తలెత్తలేదు. అమ్మ గుమ్మం వైపు చూసింది.

"ఏటమ్మా, ఎవులొస్తారని అలా చూస్తన్నావు?"

అమ్మ ఏడ్చింది. నాన్న జరిగిందంతా చెప్పి, "ఏడాదే కదన్నయ్యా తేడా, చల్‌తా హై, నడిచిపోతుంది" అన్నారు.

"చల్‌తా హై ఏటి? పోయిన పిల్ల కాగితంలో ఏటేటా పెరుగుతాది. బడికెళ్తాది. పెళ్లి చేసుకుంటాది. మరి ఈ పిల్ల ఎక్కడుంటాది?"

"నిజం రాస్తే పిల్ల ఏ దేశానిదీ కాకుండా పోతే?" అన్నారు నాన్న.

"అబద్ధం రాస్తే ఇప్పుడే పోయినట్టు."

అక్క మరణానికొకటి, నా పుట్టుకకొకటి అర్జీలు రాశారు. జవాబుకు రెండేళ్లు పట్టింది. ఆయన మాట మీద హెడ్‌మాస్టర్ నన్ను క్లాసులో కూర్చోనిచ్చారు. హాజరు పిలిచేటప్పుడు మాత్రం నా పేరు వచ్చేది కాదు.

నా కాగితం వచ్చిన రోజు పెదనాన్న నా పేరు పిలిచారు. పలికాను. పెన్ను మూత తీశారు. తర్వాత అక్క కాగితం మడిచి, "ఇది మీ ఇంట్లో వద్దు. నా దగ్గరుంటాది" అన్నారు.

ఈ రోజు నా పాస్‌పోర్టులో, పత్రికలో నేను రాసే వార్తల కింద ఉన్న పేరు నాదే. ఆయన వల్లే.

ఆ మంగళవారం పెద్దమ్మ, ఆయన దాచిన అక్క కాగితం నా చేతికిచ్చింది. వెనకవైపు ఆయన రాత. ఏటా జూన్‌లో, బడులు తెరిచే రోజుల్లో, ఒక తేదీ. పక్కన ఒకే మాట: పలకలేదు. మొన్నటి జూన్ తేదీ పక్కన మాత్రం ఏమీ రాసి లేదు.

కాగితం తిప్పి, పేరు పైకే చదివాను. అమ్మ గుమ్మం వైపు చూసింది.

ఈసారి నేనూ చూశాను.