డాబా మీద పైపు, వికారాబాద్ దాకా చాట చప్పుడు

తాండూరులో కందులు చెరుగుతున్న చాట చప్పుడు వికారాబాద్‌లో మా ఇంటి హాల్లో వినిపించింది. ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నవాణ్ని లేచి నిలబడ్డాను. ఆ వెంటనే ఒక ఆడగొంతు: “పొద్దుగూకే దాకనే చూస్త. మోగకుంటే గా పైపు పీకి పాత సామాన్లోనికేస్త.”

దాని వెనకే మగగొంతు: “జర ఆగవే! మీ అన్న ఆడ కూసోని ఇంటుండు.”

విన్నాను. ఒక్క ముక్క పోకుండా విన్నాను. హాల్లో ఒక్కణ్నే గంతులు కూడా వేశాను. పత్రికల్లో పనిచేసి రిటైరైన మనిషి, మోకాళ్ల సంగతి చూసుకోకుండా వేయాల్సిన గంతులు కావవి.

ఆ మగగొంతు నాకు బావ అవుతాడు. చుట్టరికం ఏమీ లేదు. ఆయన భార్య పుట్టిల్లు వికారాబాద్‌లో మా వీధే. చిన్నప్పటినుంచీ నన్ను అన్నా అంటుంది. అలా ఆమె నాకు చెల్లె, ఆయన బావ. తాండూరులో ఆయనకు బండల పాలిషింగ్ యూనిట్ ఉంది. మా ఇద్దరి పిచ్చీ ఒకటే, హామ్ రేడియో. పరీక్ష రాసి లైసెన్సు తెచ్చుకుని, సొంత సెట్టులో గాలి మీద మాట్లాడుకునే సరదా అది. ఫోన్ ఉండగా ఇదెందుకని అందరూ అడుగుతారు. ఫోన్ మోగితే విసుక్కునే బావ, సెట్టు గరగరమంటే కంచం ముందునుంచి లేస్తాడు.

చిక్కల్లా మా మధ్య అడ్డొచ్చే అనంతగిరి గుట్టలతోనే. మా సెట్ల మాట వాటిని దాటదు. అందుకని ఆయన రేడియోను ఇంటర్నెట్‌కు కట్టాలనుకున్నాం. ఆయన ఊళ్లో ఎక్కడినుంచైనా చేతిసెట్టులో మాట్లాడితే, ఇంటి డాబా మీద పైపుకు బిగించిన యాంటెన్నా అందుకుంటుంది. గదిలోని పెద్ద సెట్టు ఆ మాటను ఒక చిన్న డబ్బా గుండా కంప్యూటర్‌కు ఇస్తుంది. అక్కడినుంచి అది నెట్‌లో నా దగ్గరికి వస్తుంది. నా మాట అదే దారిలో వెనక్కి పోతుంది.

ఆ పైపును ఆయన డాబా నడిమధ్య నిలబెట్టి, నాలుగు వైపులా తీగలు లాగి కట్టాడు. చెల్లె కందులు ఎండబోసే చోటు సరిగ్గా అదే. పట్టా పరిస్తే తీగలు అడ్డం, వంగితే తీగలు అడ్డం. చివరికి ఆమె గడువు పెట్టింది: ఆదివారం సాయంత్రంలోగా ఆయన మాట వికారాబాద్‌లో వినబడాలి, లేకపోతే పైపు దిగిపోవాలి. పైపు దిగితే బావ రేడియో మూగబోయినట్టే. ఆయనకు ఇంకో డాబా లేదు.

శనివారం బస్సెక్కి తాండూరు వెళ్లాను. డాబా మీది గదిలో టేబుల్‌కు కూడా నున్నటి తాండూరు బండే. తీగలు అతికించే వేడి సోల్డర్ చుక్క పడితే పూసలా జారిపోతోంది. ఆ చిన్న డబ్బాకు అతికించాల్సినవి మూడు తీగలు. సెట్టు విన్నది కంప్యూటర్‌కు చేర్చేది ఒకటి, కంప్యూటర్ విన్నది సెట్టుకు చేర్చేది ఒకటి, మనిషి వేలికి బదులు సెట్టు మీట నొక్కేది మూడోది.

“బావా, గీ ఎర్రది ఏడికి?” అన్నాను.

“నన్నడుగుతవేంది? ఇన్నేండ్లు పేపర్ల అన్నీ తెల్సినట్టు రాసినవు గదా!”

చాయ్ తెచ్చిన చెల్లె మా ఇద్దర్నీ, టేబుల్‌నూ చూసింది. “ఇద్దరు మొగోళ్లు, మూడు తీగలు. మస్తుంది” అని కప్పులు పెట్టి పోయింది.

ఆదివారం పొద్దున ఇంటికొచ్చి, మధ్యాహ్నం నా ల్యాప్‌టాప్‌ను నెట్‌లో బావ కంప్యూటర్‌తో కలిపాను. అప్పుడు వచ్చిందే ఆ చాట చప్పుడు. “బావా, అందింది! చెల్లె చెరిగేది గూడ ఇనస్తుంది!” అని అరిచాను. నా గొంతు డాబా మీద ఆయన చేతిసెట్టులో మోగింది. అటునుంచి చాట కిందపడ్డ చప్పుడు.

“ఇన్నవా? మీ అన్న! ఇగ పైపు ముట్టుకోకు!” అని బావ కేకలు.

ఆ ఊపులో ఆయన, బజార్లోంచి మాట్లాడతానని చేతిసెట్టు పట్టుకుని మెట్లు దిగిపోయాడు. ఎంతసేపటికీ ఆయన గొంతు రాలేదు. చాట మాత్రం మళ్లీ మొదలైంది. “మా ఆయనకైతే పిచ్చి. మా అన్నకు గూడ పనిలేదు” అని చెల్లె పక్కింటావిడతో అనడం స్పష్టంగా వచ్చింది.

అప్పుడు వెలిగింది నాకు. బావ గదిలోని కంప్యూటర్ సెట్టును వినడమే లేదు. తన సొంత మైకుతో గదినీ, తెరిచిన తలుపు అవతలి డాబానూ వింటోంది. తీగలన్నీ సరిగ్గా అతికించి, వాటిని వినమని కంప్యూటర్‌కు చెప్పడం మరిచాం. లైసెన్సున్న బావ బజార్లో గొంతు చించుకుంటుంటే, ఏ లైసెన్సూ లేని చెల్లె హాయిగా వికారాబాద్‌కు వినబడుతోంది.

“బావా, ఎన్కకు రా. నీ మాట వస్తలేదు, చెల్లె మాటే వస్తుంది.”

ఆయన ఆయాసపడుతూ వచ్చి సంగతి చెప్పడం, చెల్లె తీర్పు, రెండూ అదే మైకులో విన్నాను.

“అంటే నా ముచ్చట కంప్యూటర్ తోని పోయింది. మరి గా పైపు ఏం జేసినట్టు?”

“మీ అన్న మాట నా చేతిల మోగలే? అది పైపు తెచ్చిందే!”

“రానీకి ఉంది, పోనీకి లేదు. ఓవర్.”

ఆ ‘ఓవర్’, తన మాట అయిపోయింది ఇక నీ వంతు అని ఆయన రోజూ సెట్టులో అనే మాట. నవ్వీ నవ్వీ నాకు పొలమారింది.

పొద్దు వాలేలోగా బావ సెట్టింగు మార్చి, వీధి చివరికి పోయి పిలిచాడు. ఈసారి నిజంగా ఆయనే, నిజంగా పైపు మీదుగానే. కానీ సగం మాటలు పాలిషింగ్ మిషన్‌లాంటి గరగరలో మునిగిపోయాయి. ఉన్నది ఉన్నట్టే చెప్పాను, సగం వస్తోందని. ఆయన డాబా మీదికి తిరిగొచ్చి, వాదించడానికి మళ్లీ మీట నొక్కాడు. పక్కనుంచి చెల్లె పలికిన మాట ఒక్కటే గరగర లేకుండా వచ్చింది.

“సగం వస్తుందన్నడు గదా, సగం పైపు పీకు.”

మర్నాడు ఆమె పైపును కట్టిన తీగల్లో ఒక పక్కవి రెండు విప్పించి, అటు పట్టా పరిచి కందులు పోసింది. మిగిలిన రెండు తీగల మీద పైపు కొంచెం వంగి నిలబడి ఉంది. గరగర ఎక్కడ పుడుతోందో మాకు ఇంకా దొరకలేదు.